ది వైట్ లోటస్: పాత్రల ఆంతర్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సంపన్నులు ఒక విలాసవంతమైన రిసార్టులో వారం రోజులు గడపడానికి వస్తారు. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు ప్రాణాలతో ఉండరు. హెచ్‌బీఓ ధారావాహిక ‘ది వైట్ లోటస్’ మూడు సీజన్లలోనూ కథ ఇదే. చనిపోయింది ఎవరో తెలిశాక కూడా ప్రేక్షకులను వదలని ప్రశ్న ఒకటుంది: ఆ మనిషి ఆ పని ఎందుకు చేసినట్టు? ఈ విషయంలో అవే సందేహాలు పదేపదే వస్తున్నందున వాటిని ఇక్కడ కూర్చడమైనది. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. హవాయి విభాగం నుంచి కథ ముగింపులు బయటపడతాయి. ఇంకా చూడనివారు మొదటి విభాగం దగ్గరే ఆగడం మంచిది.

## చూడడం మొదలుపెట్టే ముందు

ప్రతి సీజన్‌లో పాత్రలు మారిపోతాయి కదా, వరుసగానే చూడాలా?

వరుసగా చూడడమే మేలు. 2021లో వచ్చిన మొదటి సీజన్ హవాయిలోని మావీ ద్వీపంలోనూ, 2022 నాటి రెండవది సిసిలీలోని తావోర్మీనాలోనూ, 2025 నాటి మూడవది థాయ్‌లాండ్‌లోని కో సమూయ్‌లోనూ జరుగుతాయి. అతిథులు చాలావరకు కొత్తవారే అయినా సంపన్నురాలైన అతిథి టాన్యా, ఆమెకు పరిచయమయ్యే గ్రెగ్, స్పా నిర్వాహకురాలు బెలిండా అనే ముగ్గురి కథ ఒక సీజన్ నుంచి మరొకదానికి పాకుతూ వస్తుంది. వారి పాత సంగతి తెలియకపోతే మూడవ సీజన్‌లో బెలిండా తీసుకునే నిర్ణయం బరువు తెలియదు.

మొదట్లోనే శవాన్ని చూపించి కథను వారం వెనక్కి ఎందుకు తీసుకెళ్తారు?

ఎవరో చనిపోబోతున్నారని ముందే తెలిసినందువల్ల ప్రతి చూపూ ప్రతి మాటా మనకు అనుమానాస్పదంగా కనిపిస్తాయి. అల్పాహారం దగ్గర జరిగిన చిన్న వాగ్వాదం కూడా హత్యకు నాందిలా తోస్తుంది. ప్రేక్షకులను అపరాధ పరిశోధకులుగా మార్చే ఈ పద్ధతి వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది. ఇది అసలు పరిశోధన కథే కాదు. హంతకుణ్ని పట్టుకునే పోలీసు అధికారి ఇందులో ప్రధాన పాత్రగా ఎక్కడా ఉండడు. సిసిలీ సీజన్‌లో నిజమైన కుట్ర ఒకటి బయటపడిన తరువాత ప్రేక్షకులు మిగిలిన కథల్లో కూడా కుట్రల కోసం వెతకడం అలవాటు చేసుకున్నారు. ఇక్కడ చర్చకు వచ్చే ఊహల్లో సగానికి పైగా ఆ అలవాటు నుంచి పుట్టినవే. చాలా పాత్రలు పథకం వేసుకునేంత దూరం ఆలోచించవు. ఆ పూటకు తమకు ఏది సుఖమో అది చేస్తాయి.

రచయిత ఇదంతా ముందే అనుకుని రాశాడా, లేక మనమే అతిగా ఊహిస్తున్నామా?

రెండూ కొంత నిజమే. ఈ ధారావాహిక సృష్టికర్త మైక్ వైట్ ప్రతి భాగాన్నీ తానే రాసి తానే దర్శకత్వం వహిస్తారు కాబట్టి పాత్రల ధోరణిలో పొందిక ఉంటుంది. 2018లో ‘సర్వైవర్’ అనే రియాలిటీ పోటీలో పాల్గొని రెండవ స్థానంలో నిలిచిన మనిషి ఆయన. నవ్వుతూ మాట్లాడేవారు లోలోపల ఎలా లెక్కలు వేస్తారో దగ్గరగా చూసిన అనుభవం ఆ సంభాషణల్లో కనిపిస్తుంది. అయితే మొదటి సీజన్‌ను ఆరు భాగాల్లో ముగిసిపోయే పరిమిత ధారావాహికగానే తీశారు. కనుక హవాయిలో నాటిన ప్రతి విత్తనమూ థాయ్‌లాండ్ కోసమే అనుకోవడం సరికాదు. తెరమీద కనిపించినది ఒకటి, దాన్నిబట్టి సహేతుకంగా అనుకోదగినది ఒకటి, మనకు నచ్చి అంటగట్టినది మరొకటి. కింది జవాబుల్లో ఈ మూడింటినీ వీలైనంతవరకు విడదీశాము.

## హవాయి: మొదటి సీజన్

షేన్ అడిగినదాంట్లో తప్పేముంది? డబ్బు కట్టిన గదే కదా అడిగాడు?

న్యాయం షేన్ పక్షానే ఉంది. కొత్తగా పెళ్లయిన ఈ దంపతులకు పైనాపిల్ సూట్ బుక్ అయింది, ఇచ్చింది మాత్రం పామ్ సూట్. మేనేజర్ ఆర్మండ్ పొరపాటు ఒప్పుకోకుండా అబద్ధం ఆడాడు. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, ఇచ్చిన గది కూడా అద్భుతంగా ఉందని భార్య రేచెల్ చెబుతున్నా అతనికి వినిపించకపోవడం దగ్గర. ఆ గది బుక్ చేసింది, డబ్బు కట్టింది అతని తల్లి. ఆమె హనీమూన్ మధ్యలో రిసార్టుకే వచ్చి కూర్చుంటుంది. జీవితంలో సొంతంగా గెలుచుకున్నదేమీ లేని మనిషికి గది గొడవ ఒక్కటే తనదైన పోరాటంగా దొరికింది. షేన్‌కి కావలసింది సముద్రం కనిపించే కిటికీ కాదు, ఆర్మండ్ నోట ‘నాదే తప్పు’ అన్న మాట.

ఆర్మండ్ ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఎందుకు అంత దూరం వెళ్లాడు?

మొదటి భాగంలోనే ఆర్మండ్ కొత్త ఉద్యోగిని లానీకి ఒక పాఠం చెబుతాడు: అతిథుల ముందు మనకంటూ ఒక ముఖం ఉండకూడదు, ఒకరి బదులు ఇంకొకరు నిలబడినా తేడా తెలియకూడదు. అదే రోజు లానీకి నొప్పులు వస్తున్నా ఉద్యోగం పోతుందని ఆమె దాచుకుంటుంది, పక్కనే ఉన్న ఆర్మండ్ చాలాసేపటి వరకు గమనించడు. తాను బోధించిన ముఖం లేనితనం తన కళ్లనే కప్పేసిందని అతనికి అక్కడ తగులుతుంది. ఆ తరువాత అతిథుల్లో ఇద్దరు అమ్మాయిల సంచిలో దొరికిన మాదకద్రవ్యాలు ఐదేళ్ల నిగ్రహాన్ని చెడగొట్టాయి. షేన్ దంపతుల ప్రణయ విందు పడవలోకి తల్లి అస్థికలు పట్టుకున్న టాన్యాను ఎక్కించడం వంటి పనుల్లో పగతో పాటు ఆనందం కూడా ఉంది. ఉద్యోగం ఎలాగూ పోయిందని తేలాక చివరి రాత్రి షేన్ పెట్టెలో అతను చేసిన నీచమైన పని, అన్నేళ్లు లేకుండా బతికిన ముఖాన్ని ఒక్కసారిగా చూపించడమే. దాన్ని సమర్థించనక్కర్లేదు కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో కథ చాలా ఓపికగా చూపించింది.

షేన్ ఆర్మండ్‌ను కావాలనే పొడిచాడా?

కాదు. ఆ రిసార్టులో అప్పటికే ఒక దొంగతనం జరిగింది. గదిలో ఎవరో ఉన్నారని భయపడి షేన్ పైనాపిల్ కోసే కత్తి పట్టుకున్నాడు, మలుపులో ఎదురుపడినప్పుడు అది దిగింది. తెరమీద అతని ముఖంలో కనిపించేది నిర్ఘాంతపోవడమే.

టాన్యా మొదటి నుంచీ బెలిండాను మోసం చేయాలనే అనుకుందా?

అలా అనుకోవడానికి ఆధారం లేదు, అందుకే ఆ కథ ఇంకా బాధిస్తుంది. స్పా నిర్వాహకురాలైన బెలిండా చేతుల్లో టాన్యాకు నిజంగానే ఉపశమనం దొరికింది, సొంత కేంద్రం పెట్టుకోవడానికి పెట్టుబడి ఇస్తానన్నప్పుడు నిజంగానే ఇవ్వాలనుకుంది. గ్రెగ్ పరిచయమయ్యాక ఆ ఆదరణ ఇంకో చోట దొరకడంతో బెలిండా అవసరం తీరిపోయింది. డబ్బు చూపించి మనుషులను దగ్గర చేసుకునే అలవాటు మానుకుంటున్నానని చెప్పి, ఆ మాటలతోనే కొంత నగదు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. టాన్యా దృష్టిలో అది ఆత్మపరిశీలన. రాత్రుళ్లు కూర్చుని వ్యాపార ప్రణాళిక రాసుకున్న బెలిండాకు అది తలుపు మూసుకున్న చప్పుడు.

పౌలా కైని ప్రేమించిందా, లేక తన కోపం తీర్చుకోవడానికి వాడుకుందా?

మొదటి సీజన్‌లో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. స్నేహితురాలు ఒలీవియా కుటుంబం ఖర్చుతో విహారానికి వచ్చిన పౌలాకు ఆ కుటుంబపు బల్ల దగ్గర కూర్చోవడమే ఇబ్బందిగా ఉంటుంది. రిసార్టులో పనిచేసే స్థానికుడు కై తన కుటుంబం భూమిని ఎలా పోగొట్టుకుందో చెప్పినప్పుడు ఆమెలోని ఆగ్రహానికి ఒక ఆకారం దొరికింది. ఒలీవియా తల్లి నికోల్‌కు భర్త కొనిచ్చిన 75,000 డాలర్ల కంకణాలు గదిలోని సేఫ్‌లో ఉన్నాయి. వాటిని తీసుకుని న్యాయవాదిని పెట్టుకొమ్మని ప్రోత్సహించి, సేఫ్ తెరిచే అంకెలు చెప్పింది పౌలాయే.

ఆమె ప్రేమ నటన అనుకోవడానికి లేదు. అయితే పట్టుబడితే ఎవరికి ఏమవుతుందన్న లెక్క ఆమె వేయలేదు. నికోల్ అనుకోకుండా గదికి తిరిగి రావడంతో కై బంధితుడయ్యాడు. పౌలా ఏడ్చింది, కానీ తెర వెనుక తన చేయి ఉందని ఎవరికీ చెప్పలేదు. సంగతి గ్రహించిన ఒలీవియా కూడా నోరు విప్పలేదు. తాను ద్వేషించిన కుటుంబం అండలోనే పౌలా క్షేమంగా విమానం ఎక్కింది. ఆమెను కపటి అనడం తేలిక. తన ధర్మాగ్రహానికి ఇంకొకరి జీవితాన్ని పణంగా పెట్టిన మనిషి అనడం కథకు దగ్గరగా ఉంటుంది.

భర్తను వదిలేస్తానన్న రేచెల్ విమానాశ్రయానికి ఎందుకు తిరిగి వచ్చింది?

ఆమె దగ్గర వేరే దారి సిద్ధంగా లేదు. పాత్రికేయురాలిగా తన పని చప్పగా ఉందని నికోల్ మొహంమీదే తేల్చేసింది, భర్త ఆ పని మానేయమన్నాడు, ఓదార్పు కోసం బెలిండా దగ్గరికి వెళితే అప్పటికే గాయపడి ఉన్న ఆమె వినే ఓపిక లేక లేచి వెళ్లిపోయింది. విమానాశ్రయంలో తాను సంతోషంగా ఉంటానని షేన్‌తో అంటున్నప్పుడు రేచెల్ కళ్లు చూస్తే అది ప్రేమ ప్రకటన అని ఎవరూ అనుకోరు.

## సిసిలీ: రెండవ సీజన్

హార్పర్, కామెరాన్ మధ్య నిజంగా ఏం జరిగింది?

తెరమీద చూపించలేదు. హార్పర్ మొదట ఏమీ లేదంది, తరువాత ముద్దు వరకు ఒప్పుకుంది. గది తలుపుకు లోపల గడియ పెట్టి ఉండడాన్ని చూసిన ఆమె భర్త ఈథన్ అంతకంటే ఎక్కువ ఊహించుకున్నాడు. ఏం జరిగిందన్నది దాచిపెట్టి, తెలియకపోవడం ఈథన్‌ను ఏం చేస్తుందో చూపించడమే దర్శకుడి ఎంపిక కాబట్టి ఆ ఖాళీని నింపాలని చూడడం వృథా. హార్పర్ ఎందుకు చేసిందన్నది మాత్రం కష్టమైన ప్రశ్న కాదు. తాను లేని రాత్రి గదిలో ఏం జరిగిందో భర్త దాచాడు, సోఫాలో కండోమ్ కవరు దొరికింది. అంతకంటే ముఖ్యంగా అతను చాలాకాలంగా ఆమెను కోరికతో చూడడం మానేశాడు. ఈథన్ కాలేజీ స్నేహితుడైన కామెరాన్ విషయానికొస్తే, ఆ రోజుల్లో తాను ఇష్టపడిన అమ్మాయిలందరి వెంటా అతను పడేవాడని ఈథనే చెబుతాడు. కామెరాన్‌కు హార్పర్ మీద కన్నా ఈథన్‌దైన దాని మీద ఆశ ఎక్కువ.

డాఫ్నీ ఈథన్‌ను ఐసోలా బెల్లాకు ఎందుకు తీసుకెళ్లింది?

తన భార్యకూ కామెరాన్‌కూ మధ్య ఏదో జరిగిందని ఈథన్ చెప్పినప్పుడు కామెరాన్ భార్య డాఫ్నీ ముఖంమీద కొన్ని క్షణాలపాటు నవ్వు కరిగిపోయి, కళ్లు దూరంగా ఎక్కడో నిలిచి, మళ్లీ ఆ నవ్వే మెల్లగా వచ్చి కూర్చుంటుంది. నటి మేగన్ ఫేహీ ఒక్క మాట లేకుండా చేసిన ఆ కొద్ది క్షణాలు సీజన్ మొత్తంలో ఎక్కువమంది మళ్లీ మళ్లీ చూసే దృశ్యం. ఆమెకు భర్త సంగతి కొత్త కాదు. ఈసారి పక్కనే ఉన్న స్నేహితురాలితో కావడం కొత్త. ఎదుటివారి మనసులో ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదని, బాధితురాలిగా మిగిలిపోకుండా ఉండడానికి చేయవలసింది చేసుకోవాలని చెప్పి అతన్ని ద్వీపంవైపు నడిపిస్తుంది.

అక్కడ ఏం జరిగిందో చూపించలేదు. ఆమె పద్ధతి మాత్రం అంతకుముందే తెలిసింది. తన వ్యాయామ శిక్షకుడు బంగారు జుట్టు, నీలి కళ్ల మనిషని హార్పర్‌తో చెప్పి, ఫోటో చూపిస్తానని తన పిల్లల ఫోటో చూపిస్తుంది. భర్త చేసే ప్రతి గాయానికీ తనకంటూ ఒక రహస్యం దాచుకుని లెక్క సరిచేసుకోవడం ఆమె సంసారం నడిపే తీరు. ఇది పగ అని కొందరంటారు. పగ తీర్చుకునేవారికి అంత ప్రశాంతత ఉండదు.

లూచియా ఆల్బీని కొంచెమైనా ఇష్టపడిందా?

స్థానిక వేశ్య అయిన లూచియా ఇష్టపడి ఉండవచ్చు, అది ఆమె పనికి అడ్డు రాలేదు. ఆల్బీ తనను కష్టాల్లో ఉన్న ఆడవాళ్లను కాపాడే మంచివాడిగా ఊహించుకుంటాడని ఆమె కనిపెట్టింది, కాపాడవలసిన కష్టం ఒకటి చూపించింది. అతను తండ్రి డొమినిక్ దగ్గర 50,000 యూరోలు అడిగాడు. అందుకు బదులుగా తల్లి దగ్గర తండ్రి గురించి మంచిగా చెబుతానన్నాడు. ఆ బేరాన్ని బట్టి చూస్తే, తండ్రి తాతల లాంటివాణ్ని కానని చెప్పుకున్న అబ్బాయి కూడా డబ్బుతోనే ప్రేమ కొన్నాడు. లూచియా మోసం చేసిందని బాధపడే ప్రేక్షకులు ఆ కుటుంబంలో ఎవరి జీవితం దెబ్బతిన్నదో ఒకసారి చూసుకోవాలి.

గ్రెగ్ హవాయిలోనే టాన్యాను చంపాలని పథకం వేశాడా?

రెండవ సీజన్‌లో కుట్ర నిజం. విడాకులు తీసుకుంటే పెళ్లి ఒప్పందం ప్రకారం గ్రెగ్‌కు ఏమీ రాదు, ఆమె మరణిస్తే ఆస్తి అతనిది. సిసిలీలో టాన్యాతో స్నేహం చేసిన క్వెంటిన్‌కు పాలెర్మోలో ఉన్న భవంతిలో యువకులుగా ఉన్న క్వెంటిన్, గ్రెగ్‌ల పాత ఫోటో టాన్యా కంటబడుతుంది. పడవలో ఆమెకు దొరికిన సంచిలో తాడు, టేపు, తుపాకీ ఉన్నాయి.

దీన్ని వెనక్కి లాగి, హవాయిలో పొరపాటున ఆమె గది తలుపు తీయబోయిన రోజే అంతా మొదలైందని చెప్పే ఊహ చాలామందికి ప్రియమైనది. దానికి తెరమీద ఆధారం లేదు. ఒక ధనవంతురాలు ఒంటరిగా దొరకడం మొదట అదృష్టంగానూ, కొన్నాళ్లకు భరించలేని భారంగానూ మారిన మనిషిగా గ్రెగ్‌ను చూస్తే కథ ఇంకా చల్లగా, ఇంకా భయంకరంగా ఉంటుంది. తనను చంపబోయినవారిని కాల్చేసిన తరువాత కొన ఊపిరితో ఉన్న క్వెంటిన్‌ను టాన్యా అడిగేది ఒకటే, గ్రెగ్‌కు వేరే సంబంధం ఉందా అని. తన ప్రాణం తీయడానికి తెచ్చిన తాడు కళ్లముందు ఉన్నా ఆమెకు కావలసిన సమాచారం అదే.

జాక్ పోర్షియాను ఎందుకు వదిలేశాడు?

క్వెంటిన్ తనను పెద్ద గోతిలోంచి బయటకు లాగాడని, అతని మేనల్లుడిగా పరిచయమైన జాక్ చెబుతాడు. అతను రుణం తీర్చుకుంటున్న మనిషే తప్ప హంతకుడి స్వభావం ఉన్నవాడు కాదు. టాన్యా నుంచి ఆమె సహాయకురాలు పోర్షియాను దూరంగా ఉంచడం వరకే అతని పని. రాత్రివేళ విమానాశ్రయం దగ్గర దింపి, రిసార్టుకు తిరిగి వెళ్లవద్దని హెచ్చరించడం అతనికి మిగిలిన కాస్త మనస్సాక్షి.

## థాయ్‌లాండ్: మూడవ సీజన్

టిమోతీ విషం కలిపినప్పుడు లాక్లన్‌ను ఒక్కడినే ఎందుకు వదిలాడు?

ఆర్థిక నేరం బయటపడి అంతా పోబోతోందని టిమోతీ రాట్లిఫ్ ఒక్కడికే తెలుసు. అతను ఒక్కొక్కరినీ కదిపి చూస్తాడు. ఈ వయసులో సుఖం లేకుండా బతకలేనని భార్య విక్టోరియా అంటుంది, విజయం లేకపోతే తాను శూన్యమని పెద్దకొడుకు శాక్సన్ అంటాడు, ఆశ్రమంలో ఒక్క రాత్రి గడిపి వచ్చిన కూతురు పైపర్ ఆ జీవితం తనవల్ల కాదని ఏడుస్తుంది. డబ్బు లేకపోయినా బతకగలనన్నది చిన్నకొడుకు లాక్లన్ ఒక్కడే. అందుకే పాంగ్ పాంగ్ కాయ గింజలు కలిపిన పానీయం అతనికి ఇవ్వలేదు.

వారిని పేదరికం నుంచి కాపాడుతున్నానని టిమోతీ తనకు తాను చెప్పుకున్నాడు. వారు తనను చూడబోయే చూపును భరించలేకపోవడం అసలు కారణమని అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటివరకు వారికి నిజం చెప్పి చూసే ప్రయత్నం అతను చేయలేదు. చివరి క్షణంలో కొబ్బరిపాలు పాడయ్యాయని చెప్పి గ్లాసులు లాక్కున్నాడు. మర్నాడు ఉదయం కడగని ఆ మిక్సీ జార్‌లోనే పానీయం చేసుకుని చావు అంచుదాకా వెళ్లింది లాక్లనే.

రిక్ బ్యాంకాక్‌లో జిమ్‌ను వదిలేసి మళ్లీ ఎందుకు కాల్చాడు?

తండ్రిని చంపినవాడు జిమ్ అని తల్లి చెప్పిన మాట మీద రిక్ తన బతుకంతా కట్టుకున్నాడు. బ్యాంకాక్‌లో ముసలివాడి కుర్చీని పడదోసి తేలికపడి తిరిగి వచ్చాడు. అప్పటికి నెమ్మదించింది ఆవేశం మాత్రమే. మర్నాడు జిమ్ ఎదురుగా వచ్చి అతని తల్లిని అవమానించి, తండ్రి గొప్పవాడేమీ కాదని చెప్పినప్పుడు అతను పట్టుకుని వేలాడుతున్న ఆఖరి తాడు తెగిపోయింది. జిమ్మే తన తండ్రి అన్న సంగతి కాల్చిన తరువాత వినవలసి వచ్చింది.

చెల్సీ అలాంటి మనిషిని ఎందుకు అంటిపెట్టుకుంది?

విధి తమను కలిపిందని నమ్మింది కాబట్టి. ఆమె ప్రేమలో సందేహం లేదు. రిక్ గాయాన్ని నయం చేయడమే తన జీవితమని ఆమె అనుకుంది. అతను తన గాయం తప్ప మరేదీ చూడలేకపోయాడు.

జాక్లిన్ లారీని వాలెంటిన్ వైపు నెట్టి తానే ఎందుకు వెళ్లింది?

స్నేహితులిద్దరినీ తన ఖర్చుతో తీసుకొచ్చిన నటి జాక్లిన్‌కు ఇంకా తనవైపే చూపులు తిరుగుతాయన్న భరోసా కావాలి. రిసార్టు ఉద్యోగి వాలెంటిన్ వైపు లారీని ముందుకు నెట్టినప్పుడు ఆమె అబద్ధం ఆడలేదు. లారీకి దొరకబోయేది చూశాక తట్టుకోలేకపోయింది. చివరి విందులో లారీ ఈ గొడవకు తీర్పు చెప్పదు, ఇన్నేళ్లు కలిసి గడిపిన కాలమే తనకు అర్థాన్నిస్తోందని చెబుతుంది. తీర్పు లేకుండానే క్షమ దొరికిన ఆ చోటు ఈ ధారావాహికలో అరుదైనది.

బెలిండా గ్రెగ్ డబ్బు తీసుకుని టాన్యాలాగే మారిపోయిందా?

ప్రేక్షకులను నిలువునా రెండుగా చీల్చిన ప్రశ్న ఇది. టాన్యా మరణం విషయంలో బెలిండా నోరు మూయించడానికి గ్రెగ్ మొదట లక్ష డాలర్లు ఇవ్వజూపాడు, ఆమె కొడుకు జయాన్ బేరమాడి దాన్ని 50 లక్షలకు పెంచాడు. అంతకుముందు కలిసి స్పా పెడదామని ఆశపడ్డ పోర్న్‌చాయ్‌కి ఆమె ఇప్పుడు కుదరదని చెప్పి పడవ ఎక్కింది. టాన్యా తనకు చేసినదాన్నే ఆమె ఇంకొకరికి చేసిందన్నది దర్శకుడు కావాలనే పెట్టిన పోలిక. తేడా కూడా మరచిపోకూడదు: టాన్యా పుట్టుకతోనే ఆ స్థితిలో ఉంది, బెలిండా జీవితమంతా ఇతరుల వీపులు మర్దన చేసి అక్కడికి చేరింది. కాసేపు ధనవంతురాలిగా ఉండనివ్వమని ఆమె కొడుకుతో అనే మాటలో అపరాధభావం కన్నా అలసట ఎక్కువ వినిపిస్తుంది. టాన్యా మరణానికి న్యాయం జరగకుండా పోయిందన్న లోటు మాత్రం ఆ డబ్బులో కలిసే ఉంది.

గైటోక్ మంచివాడు కదా, వెళ్లిపోతున్న రిక్‌ను వెనకనుంచి ఎందుకు కాల్చాడు?

గైటోక్ రిసార్టు గేటు దగ్గర కాపలాదారు, ప్రాణం తీయరాదన్న బౌద్ధ శీలాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. చుట్టూ ఉన్నవారు ఆ మంచితనాన్ని చేతకానితనం కింద లెక్కకట్టారు. దొంగలు అతన్ని కొట్టి వెళ్లారు, అతని తుపాకీ చోరీ అయింది, అతను ఇష్టపడిన మూక్ అతనికి ఎదగాలన్న పట్టుదల లేదని నిరుత్సాహపడింది. ఆఖరున రిక్, కాల్పుల్లో మరణించిన తన ప్రియురాలు చెల్సీ శరీరాన్ని మోసుకుంటూ నడుస్తున్నాడు. అతని రెండు చేతులూ ఖాళీగా లేవు, ఎవరికీ ప్రమాదం లేదు. జిమ్ భార్య, రిసార్టు యజమానురాలు శ్రీతలా కాల్చమని అరుస్తుంది. గైటోక్ కొంతసేపు కదలకుండా నిలబడి ఆ తరువాత ట్రిగ్గర్ నొక్కుతాడు. చివర్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని శ్రీతలా అంగరక్షకుడిగా కనిపిస్తాడు, మూక్ అతన్ని చూసి నవ్వుతుంది. పదోన్నతి కోసమే కాల్చాడనడం తొందరపాటు అవుతుంది, కానీ ఆజ్ఞ వచ్చింది జీతమిచ్చే మనిషి నోటినుంచి, దాన్ని పాటించేవారికి ఏం దక్కుతుందో వారం రోజులుగా అందరూ అతనికి చెబుతూనే ఉన్నారు.